రెండో కీపరు

ముప్పై నాలుగేళ్లు వచ్చేసరికి లిస్బర్న్ గిటెన్స్ వెస్టిండీస్ జట్టుతో ఆరు దేశాలు తిరిగాడు. ఒక్క టెస్టూ ఆడలేదు. జట్టు కోటే వేసుకున్నాడు, జట్టు బస్సులోనే కూర్చున్నాడు, జట్టు ఫొటోలో వెనక వరసలో చిట్టచివర నిలబడ్డాడు. తీరా మ్యాచ్ మొదలయ్యాక మాత్రం అతని చేతికొచ్చేది మంచినీళ్ల ట్రే.

అతని ఊరు బార్బడోస్ దక్షిణపు ఒడ్డున ఉన్న ఓయిస్టిన్స్. అక్కడ చేపల మార్కెట్ పక్కన ఓ రమ్ము దుకాణం ఉంది. పొద్దు గుంకకముందే డామినో బిళ్లలు టపటప కొట్టే పెద్దమనుషులు అక్కడ చేరతారు. వాళ్లే అతనికి 'నీళ్ల గిటెన్స్' అని పేరు పెట్టారు.

"ఏరా నీళ్లూ, ఆస్ట్రేలియాలో ఈసారి సెంచరీ అయిందా?"

"దేంట్లో అన్నా?"

"గ్లాసుల్లోరా!"

లిస్బర్న్ కూడా వాళ్లతో కలిసి నవ్వేవాడు. నవ్వకపోతే ఇంకా ఏడిపిస్తారని తెలుసు. అతని భార్య యూడీన్ మాత్రం నవ్వేది కాదు. మార్కెట్లో ఎగిరే చేపలకు ముళ్లు తీసే పని ఆమెది. దుకాణంలోంచి ఆ మాట వినబడినప్పుడల్లా ఆమె కత్తి బల్ల మీద కాస్త గట్టిగా దిగేది.

నిజం చెప్పాలంటే అతను చేతకానివాడేం కాదు. బార్బడోస్ జట్టుకి పద్నాలుగేళ్లు వికెట్ కీపింగ్ చేశాడు. ఎండాకాలాలు ఇంగ్లండులో ఓ మిల్లు ఊరి క్లబ్బుకి జీతం మీద ఆడాడు. కీపింగులో అతనికీ జట్టు మొదటి కీపరు రాయ్‌స్టన్ పియెర్‌కీ పెద్ద తేడా లేదు. కళ్లున్నవాళ్లు లిస్బర్నే ఒక పిసరు మెరుగనేవారు. కాని పియెర్ బ్యాటు పట్టుకుంటే యాభై పరుగులు గ్యారంటీ. లిస్బర్న్ పట్టుకుంటే ఆ తర్వాతి వాడు హడావుడిగా ప్యాడ్లు కట్టుకోవడం గ్యారంటీ. పైగా పియెర్‌ది వేరే దీవి, ట్రినిడాడ్. మావాణ్ని పక్కన కూర్చోబెట్టి ట్రినిడాడ్ వాణ్ని ఆడిస్తున్నారని మా బార్బడోస్ మొత్తానికి కడుపుమంట. ఆ మంట లేనివాడు ఒక్క లిస్బర్నే. పియెర్ అతనికి స్నేహితుడు.

ఇక్కడ కీపర్ల సంగతి ఒకటి చెప్పాలి. కీపరు తన చేతులు ఎవరికీ చూపించడు. డాక్టరుకీ, మసాజు చేసేవాడికీ కూడా చూపించడు. ఆ వేళ్లు ఎన్నిసార్లు విరిగాయో, ఎన్ని వంకర్లు పోయాయో చూస్తే ఏ సెలెక్టరుకైనా దడ పుడుతుంది. అందుకని ఒక కీపరు వేళ్లకి ఇంకో కీపరే టేపు కడతాడు. కట్టేటప్పుడు ఏం చూసినా, వేళ్లకి ఏం తగిలినా నోరు విప్పడు. ఇది ఎక్కడా రాసిలేదు. ఇంతవరకూ తప్పినవాడూ లేడు. పదేళ్లుగా మ్యాచ్ ఉన్న ప్రతి పొద్దునా లిస్బర్న్ పియెర్ పక్కన బెంచీ మీద కూర్చుని, టేపుని పళ్లతో సన్నగా చీల్చి, కీళ్ల దగ్గర సందు వదిలి, ఒక్కో వేలికీ చుట్టేవాడు. పియెర్ వేళ్లు అతనికి తన వేళ్లకన్నా బాగా తెలుసు.

ఆ ఏడు ఇంగ్లండు జట్టు వచ్చింది. మూడో టెస్టు బ్రిడ్జ్‌టౌన్‌లో, అంటే అతని సొంత గడ్డ మీద. ఈ సిరీస్‌తో ఆట చాలించుకుంటానని లిస్బర్న్ యూడీన్‌కి ముందే చెప్పాడు. చాలించక చేసేదీ లేదు. గయానాలో ఇరవై రెండేళ్ల కీపరు ఒకడు తయారయ్యాడనీ, వచ్చే ఏడు రెండో కీపరుగా అతన్ని తీసుకుంటారనీ అందరికీ తెలుసు. టెస్టు ఆటగాళ్ల జాబితాలో పేరు ఎక్కాలంటే లిస్బర్న్‌కి మిగిలినవి ఈ మ్యాచ్, దీని తర్వాత జమైకాలో ఇంకొకటి. అంతే.

టెస్టుకి ముందు రోజు పొద్దున నెట్స్‌లో కొత్త బంతి ఒకటి గరుకు మీద పడి అడ్డంగా లేచి పియెర్ కుడి చేతికి తగిలింది. పియెర్ గ్లోవు దులుపుకుని, బౌలరు మీద ఓ బూతు విసిరి, ఇంకో పది బంతులు పట్టాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత అతను లోపలికి వచ్చి లిస్బర్న్‌కి కన్ను గీటి, బట్టలు మార్చుకునే గది మూలకి నడిచాడు.

"చూడరా ఒకసారి," అంటూ చెయ్యి చాచాడు.

లిస్బర్న్ ఉంగరపు వేలు పట్టుకున్నాడు. చూడక్కర్లేకపోయింది. నడిమి ఎముక అతని బొటనవేలి కింద రెండుగా కదిలింది. పియెర్ పెదవి కొరుక్కున్నాడు తప్ప చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

"విరిగింది," అన్నాడు లిస్బర్న్.

"అది నాకు చెప్పాలట్రా? కట్టగలవా లేదా, అది చెప్పు."

"నడిమి వేలితో జోడించి కట్టొచ్చు. ఒక రోజు ఆగుతుంది. రెండో రోజు చెప్పలేను. దెబ్బ మళ్లీ అక్కడే తగిలితే ఒక్క గంట కూడా ఆగదు."

"ఐదు రోజులు ఆగాలిరా. నొప్పి సంగతి నేను చూసుకుంటా."

"రాయ్‌స్టన్, ఈ ఒక్క మ్యాచ్ మానెయ్యి. వేలు అతుక్కోగానే మళ్లీ వస్తావు."

పియెర్ తల అడ్డంగా ఊపాడు. "నేనెలా వచ్చానో మర్చిపోయావా? నాకు ముందు కీపింగ్ చేసిన పెద్దాయన వేలు విరిగి ఒక్క మ్యాచ్ పక్కకి తప్పుకున్నాడు. ఆ ఒక్కటి ఇంకా నడుస్తూనే ఉంది. పదకొండేళ్లు." గొంతు తగ్గించాడు. "నువ్వంటే భయం కాదురా లిస్. నువ్వొస్తే వెనకాలే ఆ గయానా వాడొస్తాడు. నాకు ముగ్గురు పిల్లలు. ఈ ఆట తప్ప నాకు ఇంకేం తెలీదు."

లిస్బర్న్ అతని వేలికి తడిగుడ్డ చుట్టి ఓయిస్టిన్స్‌కి బయల్దేరాడు.

ఎక్కడా రాయని కట్టుబాటు ఒకటుందని చెప్పాను కదా, అందులో పెళ్లాల సంగతి ఎవరూ తేల్చలేదు. ఆ మధ్యాహ్నం యూడీన్ బల్ల ముందు నిలబడి లిస్బర్న్ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. చేపల మార్కెట్లో గుట్టు విప్పడమంటే దండోరా వెయ్యడమే. అయితే ఆ వేళకి మిగతా ఆడవాళ్లు భోజనాలకి పోయారు.

యూడీన్ కత్తి పక్కన పెట్టింది. "అయితే ఇంకేంటి ఆలస్యం? పోయి మేనేజరుకి చెప్పు."

"కుదరదే."

"ఎందుకు కుదరదయ్యా? దొంగ సాక్ష్యం చెప్పమన్నానా? ఉన్న మాటేగా?"

"కీపరు చెయ్యి కీపరు దగ్గరే ఉండాలి. అది కట్టుబాటు."

"ఎవడు పెట్టాడు ఆ కట్టుబాటు?"

"ఎవడో పెట్టడమేంటి, ఎప్పట్నుంచో ఉన్నదే."

"మొదటి కీపర్లు పెట్టుంటారు. రెండో కీపరు ఒక్కడూ పెట్టుండడు." ఆమె గొంతు లేచింది. "దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదని విన్నాను కానీ, ఇక్కడ దేవుడిచ్చిన వరాన్ని నువ్వే తోసేస్తున్నావు! రేపు ఆడితే నువ్వు టెస్టు ఆటగాడివయ్యా. ఒక్కటైనా చాలు. చచ్చేదాకా నిన్ను నీళ్లూ గీళ్లూ అనే మొగాడుండడు."

"నాకు తెలీదా?"

"తెలిస్తే చెప్పు మరి!"

"వాడే చెప్తాడేమో చూద్దాం. పొద్దున్నకి వాచిపోతే వాడే ఒప్పుకుంటాడు."

"ఆ, ఒప్పుకుంటాడు. చేప వచ్చి తన ముళ్లు తనే తీసుకుంటుంది," అంటూ యూడీన్ మళ్లీ కత్తి అందుకుంది. అయినా ఆశ చావలేదు. ఆ సాయంత్రమే చర్చికి కట్టుకెళ్లే నీలం గౌనుకి ఇస్త్రీ చేసుకుంది.

పొద్దున్నకి వేలు నిజంగానే వాచింది. పియెర్ చెయ్యి చాచాడు. లిస్బర్న్ కట్టడం మొదలుపెట్టాడు. జీవితంలో అంత బాగా ఎప్పుడూ కట్టలేదు. సన్నటి చీలికలు తీసుకుని, ఉంగరపు వేలిని నడిమి వేలికి ఆనించి, ఎముక కదలకుండా పైనా కిందా బిగించి, కీలు మాత్రం వంగేలా వదిలాడు. చేతగానివాడిలా కట్టుంటే పియెర్ టాస్ లోపే చేతులెత్తేసేవాడు. ఆ ఆలోచన లిస్బర్న్‌కి రాకపోలేదు. వేళ్లు మాట వినలేదు.

అప్పుడే మేనేజరు ఇన్నిస్ వచ్చాడు. పదకొండు పేర్లు రాసిన కాగితం ఆయన చేతిలో ఉంది. టాస్ ముందు ఆ కాగితం అవతలి కెప్టెన్‌కి ఇస్తారు. ఇచ్చాక పేర్లు మార్చడానికి వీల్లేదు.

"లిస్, నిన్న ఇతనికి దెబ్బ తగిలిందని ఎవరో అన్నారు. కట్టింది నువ్వేగా? చేతులెలా ఉన్నాయి?"

లిస్బర్న్ పియెర్ వైపు చూశాడు. పియెర్ వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు. అది అప్పటికే కట్టుకున్న లేసు. లిస్బర్న్ రెండు క్షణాలు ఆగాడు. మూడో క్షణం కూడా ఆగాడు.

"బాగానే ఉన్నాయి సార్," అన్నాడు.

కాగితం వెళ్లిపోయింది.

ఇంగ్లండు బ్యాటింగుకి దిగింది. భోజనాల వేళ దాకా కట్టు ఆగింది. ఆ తర్వాత నలభై నిమిషాలకి బ్యాటు అంచుని తాకిన బంతి ఒకటి పియెర్ గ్లోవుల్లోకి నేరుగా వచ్చి, నేరుగా కింద పడింది. చంటిపిల్లాడు పట్టే క్యాచ్.

"ఒరే పియెర్, మా ఆవిడ జల్లెడ ఇస్తాను, గ్లోవు బదులు అది కట్టుకోరా!" అని స్టాండ్లోంచి ఒకడు అరిచాడు.

పియెర్ మోకాళ్ల మీద కూలబడ్డాడు. గ్లోవు తీస్తే టేపు మీద రక్తం ఉంది. ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. అతన్ని కారులో ఆస్పత్రికి తీసుకెళ్లారు. బదులు వచ్చినవాడు స్టంపుల వెనక నిలబడాలంటే అవతలి కెప్టెన్ ఒప్పుకోవాలి. ఆయన మంచివాడు, ఒప్పుకున్నాడు.

పెవిలియన్ మెట్లు దిగుతున్న లిస్బర్న్ చేతిలో మొదటిసారి ట్రే లేదు. స్టాండ్లు లేచి నిలబడ్డాయి.

"నీళ్లొచ్చాయిరోయ్! నీళ్లొచ్చాయి!" అంటూ ఓయిస్టిన్స్ జనం బిందెలు, డబ్బాలు వాయించారు. ఎకసెక్కంగా కాదు. వాళ్లలో కొందరు ఏడుస్తున్నారు కూడా.

మూడో ఓవర్లో ఒకటి ఎడమ పక్కకి బాగా కిందుగా వచ్చింది. మొదటి స్లిప్పులో ఉన్నవాడు తనదే అనుకుని చేతులు చాచేలోపు లిస్బర్న్ గ్లోవు బంతి కిందకి చేరిపోయింది. తర్వాత లెగ్ వైపు పోయేది ఒకటి, బ్యాటుకి తగిలిందో లేదో బౌలరుకే తెలియనిది ఒకటి, గాల్లోకి లేస్తే ఇరవై గజాలు పరిగెత్తి పట్టింది ఒకటి. మొత్తం నాలుగు. బంతి గ్లోవులో పడ్డ ప్రతిసారీ అతనికి ఒళ్లంతా సంతోషమే. పదేళ్ల కిందటి సంతోషం, మొన్నటిది, రేపటిది అన్నీ కలిపి ఆ మధ్యాహ్నమే అనుభవించాడు. దూరంగా స్టాండ్లో నీలం గౌను కనబడుతూనే ఉంది.

అయినా అతనికి తెలుసు. టాస్ ముందు ఇచ్చిన కాగితంలో పేరు లేనివాడు టెస్టు ఆడినట్టు లెక్క కాదు. ఎంత గొప్ప క్యాచ్ పట్టినా పుస్తకంలో 'క్యాచ్: సబ్', అంటే బదులు వచ్చినవాడు అని రాస్తారు. పొద్దున ఆ మూడు క్షణాల్లో ఒక్క మాట అనుంటే ఈ నాలుగింటి పక్కనా గిటెన్స్ అని ఉండేది.

ఆట ముగిసి అందరూ వెళ్లిపోయాక ఇన్నిస్ వచ్చి అతని ఎదుట కూర్చున్నాడు.

"డాక్టరు ఫోను చేశాడు. వేలు ఇవాళ విరిగింది కాదట, నిన్నటిదట. పియెర్ కూడా ఒప్పుకున్నాడు. తనే దాచాననీ, నీకు తెలియనివ్వలేదనీ అంటున్నాడు."

లిస్బర్న్ తలెత్తాడు. పియెర్ ఆ మాట అంటాడని అతను అనుకోలేదు.

"విను," అన్నాడు ఇన్నిస్. ఆయన కఠినుడే కానీ చెడ్డవాడు కాదు. "సెలెక్టర్లు పక్క గదిలో ఉన్నారు. జమైకా టెస్టుకి కీపరు కావాలి. ఇవాళ నీ ఆట చూశాక గయానా కుర్రాడి పేరు ఎవరూ ఎత్తడం లేదు. ఒక్కటే అడ్డం. విరిగిన వేలని తెలిసీ పొద్దున నాతో బాగుందన్నవాణ్ని మాత్రం నేను జట్టులో ఉంచను. పియెర్ నీకు తెలీదంటున్నాడు. నువ్వూ తెలీదను. కడుతుంటే నీ వేళ్లకి ఏమీ తగల్లేదను. అక్కడితో సరి."

పక్క గదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. ఎవరో నవ్వారు. లిస్బర్న్ తన చేతులకేసి చూసుకున్నాడు. ఎడమ చిటికెన వేలు పక్కకి తిరిగిపోయి ఉంది, కుడి బొటనవేలికి గోరు లేదు. రెండు తునకలైన ఎముక ఈ చేతుల్లో కదిలితే వీటికి తెలియలేదట. అలా చెప్పాలట. అలాంటి చేతులున్నవాణ్నా జమైకాకి పంపేది?

"తెలుసు సార్," అన్నాడు.

"తొందరపడకు లిస్. వాపులో తెలిసుండదు, ఎవరికైనా తెలిసేది కాదు."

"ఎవరికో ఏమో గానీ, నాకు తెలిసింది. నిన్న పదకొండింటికి చెయ్యి పట్టుకోగానే తెలిసింది."

ఇన్నిస్ లేచి పక్క గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

గేటు దగ్గర యూడీన్ చుట్టూ జనం మూగి ఉన్నారు. డామినో పెద్దమనుషులు లిస్బర్న్‌ని భుజాల మీదకి ఎత్తుకోబోయారు. "ఏరా గిటెన్స్, జమైకా నీదే కదరా!" అన్నాడు ఒకాయన. నీళ్లు అనలేదు. లిస్బర్న్ ఏదో సర్దిచెప్పి యూడీన్ చెయ్యి పట్టుకుని బస్సు స్టాండు వైపు నడిచాడు. దారిలో అంతా చెప్పాడు.

ఆమె రోడ్డు మీదే ఆగిపోయింది. "నోటి దగ్గరికొచ్చిన కూడు! తెలీదు అంటే పోయేదేముంది? పొద్దున అబద్ధం ఆడలేదూ? ఒకటి ఆడినోడివి రెండోది ఆడలేవా?"

"పొద్దున ఆడింది వాడి వేలు గురించి," అన్నాడు లిస్బర్న్. "ఇప్పుడు ఆడమంది నా చేతుల గురించి."

"ఎవరికి కావాలయ్యా నీ చేతులు? పదేళ్లు ట్రే మోసిన చేతులు!" అంటూ యూడీన్ ఏడ్చేసింది. దారినపోయేవాళ్లు చూస్తున్నా ఆపుకోలేదు. అతనికీ ఏడుపొచ్చింది. జమైకా పోయిందని అప్పుడుగానీ అతనికి పూర్తిగా తెలిసిరాలేదు.

"పోతుందని తెలిసే చెప్పావా?"

"తెలిసే చెప్పాను."

బస్సులో కండక్టరు టికెట్టు డబ్బులు తీసుకోనన్నాడు, అదొక గొడవ. ఓయిస్టిన్స్‌లో దిగాక యూడీన్ ముఖం తుడుచుకుని, నలిగిన గౌను దులుపుకుంది.

"రేపు ఆట ఎన్నింటికి?"

"పదిన్నరకి. మ్యాచ్ అయిపోయేదాకా నేనే కీపింగ్ చెయ్యాలి."

"మార్కెట్‌కి రానని చెప్పొస్తాను," అంది ఆమె. "నాలుగు రోజులేగా."